రాక్షసబల్లుల సినిమా, గలాథియా తాబేలు

1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' మీలో చాలామంది చూసే ఉంటారు. మైకేల్ క్రైటన్ 1990 నాటి నవల దానికి మూలం. అంబర్‌లో చిక్కుకున్న దోమ పొట్టలోని రక్తం నుంచి డి.ఎన్.ఎ. తీసి, ఒక దీవిలో రాక్షసబల్లులను పుట్టించడం కథ. తరువాతి భాగాల్లో పోరాటాలు పెరిగాయి, రాక్షసబల్లులు నగరాల మీద పడ్డాయి. 2025 జూలైలో విడుదలైన ఏడో చిత్రం 'జురాసిక్ వరల్డ్ రీబర్త్' మళ్లీ మొదటికి వచ్చింది. మొదటి చిత్రానికి క్రైటన్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ కెప్ దీనికీ రాశాడు. నదిలో రబ్బరు తెప్పను టైరనోసారస్ వెంటాడే ఘట్టం నవలలో ఉండి 1993లో తెరకెక్కలేదు; అది ఇందులో ఉంది. కథాస్థలం కూడా మళ్లీ దీవే.

దీవి దృశ్యాలు కొన్నింటిని థాయిలాండ్ పడమటి తీరాన క్రాబి ప్రాంతంలో తీశారు. ఆ తీరాన్ని తాకేది అండమాన్ సముద్రం. దానికి ఇవతలి అంచున మన అండమాన్ నికోబార్ దీవులున్నాయి.

మూలకథలోని విజ్ఞానం మాత్రం నిలబడలేదు. జీవి చనిపోయాక డి.ఎన్.ఎ. ముక్కలవుతూ పోతుంది. న్యూజిలాండ్ మోవా పక్షుల ఎముకలను బట్టి 2012లో కట్టిన లెక్క ప్రకారం డి.ఎన్.ఎ. ముక్కల అర్ధాయువు 521 ఏళ్లు. 2022లో గ్రీన్‌లాండ్ మట్టి నుంచి చదివిన డి.ఎన్.ఎ. వయసు సుమారు 20 లక్షల ఏళ్లు; అదే గొప్ప. రాక్షసబల్లులు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల క్రితం!

అంబర్‌తో పని లేకుండానే ఆ కాలం నుంచి నడిచి వచ్చిన వంశాలు ఉన్నాయి. (పక్షులు రాక్షసబల్లుల సంతతే, అది వేరే కథ.) రాక్షసబల్లులు తిరిగిన రోజుల్లోనే సముద్ర తాబేళ్లు ఈదుతున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదైన లెదర్‌బ్యాక్ గ్రేట్ నికోబార్‌లోని గలాథియా తీరానికి రాత్రివేళ వచ్చి గుడ్లు పెడుతుంది. దీని వీపున గట్టి చిప్ప ఉండదు, తోలు ఉంటుంది. 1846లో నికోబార్‌కు వచ్చిన డెన్మార్క్ నౌక పేరే ఆ తీరానిది.

2004 సునామీనాడు దీవి దక్షిణ కొన నాలుగు మీటర్లకు పైగా కుంగింది, ఇసుక కొట్టుకుపోయింది. కొన్నేళ్లకు ఇసుక తిరిగి చేరింది, తాబేళ్లూ తిరిగి వచ్చాయి. 1997లో ఏర్పరచిన అభయారణ్యాన్ని మాత్రం 2021 జనవరిలో రేవు కోసం రద్దు చేశారు. విచిత్రమేమంటే, అదే నెలలో విడుదలైన జాతీయ సముద్ర తాబేళ్ల ప్రణాళిక ఈ తీరాన్ని ముఖ్యమైన వాటిలో చేర్చింది! 2022 నవంబరులో రేవుకు పర్యావరణ అనుమతి వచ్చింది.

లెదర్‌బ్యాక్ పిల్ల ఈడుకు రావడానికి సుమారు పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పుడు అది తాను పుట్టిన ప్రాంతాన్నే వెతుక్కుంటూ వస్తుంది. 2021లో గలాథియా ఇసుకలోంచి సముద్రంలోకి దిగిన పిల్లలు ఇంకా దారిలోనే ఉన్నాయి.