జగ్గయ్యపేట, నందిగామ: నేరాలు, భద్రత

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఇక్కడి శాంతిభద్రతలు విజయవాడ పోలీసు కమిషనరేట్ పరిధిలోకి వచ్చాయి.

ఈ ప్రాంతపు నేర స్వభావాన్ని నిర్ణయించేవి రెండు: హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65, తెలంగాణ సరిహద్దు. 2019 తర్వాత ఆంధ్రలో మద్యం ధరలు బాగా పెరగడంతో పక్క రాష్ట్రపు సీసాలు అక్రమంగా రావడం మొదలైంది. జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టులో వాహన తనిఖీలు నిత్యకృత్యమయ్యాయి. ఇలాంటి కేసుల్లో పట్టుబడేవారు స్థానికులే కానక్కర్లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లక్ష జనాభాకు ఎన్ని కేసులన్న లెక్కన నేరాల రేటు కడుతుంది. 2011 జనగణన నాటికి జగ్గయ్యపేట జనాభా 50 వేల పైచిలుకు. ఇంత చిన్న ఊళ్లో దారిన పోయేవారి మీది కేసులు కూడా రేటును పెంచేస్తాయి. దాన్నిబట్టి ఊరివాళ్లను అంచనా వేయడం అన్యాయం.

ప్రాణభయం నేరాలకన్నా రోడ్డు మీదే ఎక్కువని చెప్పాలి. 2017 ఫిబ్రవరి 28న ఇదే రహదారిపై ముండ్లపాడు గ్రామం వద్ద ప్రైవేటు బస్సు కల్వర్టులో పడి సుమారు పదిమంది మరణించారు.

నందిగామ సమీపంలోని కంచికచర్ల స్టేషన్‌కు రాష్ట్ర పోలీసు చరిత్రలో చోటుంది. హైదరాబాద్ ‘దిశ’ అత్యాచారం, హత్య ఘటన తర్వాత, 2019 డిసెంబరులో, రాష్ట్రంలో తొలి జీరో ఎఫ్‌ఐఆర్ నమోదైంది ఇక్కడే. పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకునే ఈ పద్ధతికి 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో చట్టబద్ధత దక్కింది.