ఇంజను దోష సంకేతాలు

ఇంజను దోష సంకేతాలు అనగా మోటారు వాహనపు ఇంజనును నియంత్రించే కంప్యూటర్, తనకు అందే కొలతలలో ఏదైనా నిర్ణీత హద్దు దాటినప్పుడు తన మెమరీలో నమోదు చేసుకొనే సంఖ్యలు. వాడుకలో వీటిని ట్రబుల్ కోడ్‌లు లేదా కోడ్‌లు అంటారు. సంకేతం నమోదైనప్పుడు సాధారణంగా డ్యాష్‌బోర్డు మీద "చెక్ ఇంజన్" దీపం వెలుగుతుంది. ఏ కొలత హద్దు దాటిందో సంకేతం తెలుపుతుంది కాని, ఏ భాగం చెడిపోయిందో తెలుపదు. ఈ భేదాన్ని గుర్తించక, సంకేతంలో పేరు కనిపించిన సెన్సరును మార్చివేయడం, ఆ తరువాత కూడా దీపం వెలుగుతూనే ఉండడం పాత కార్ల మరమ్మత్తులలో తరచుగా జరిగే పొరపాటు.

చరిత్ర

అమెరికాలో 1970వ దశకంలో వాహన కాలుష్య నిబంధనలు కఠినం కావడంతో, ఇంధనాన్ని మరింత ఖచ్చితంగా నియంత్రించడానికి కార్లలో కంప్యూటర్లు ప్రవేశించాయి. జనరల్ మోటార్స్ సంస్థ 1981 మోడల్ కార్లలో, లోపాలను తానే గుర్తించి నమోదు చేసుకొనే వ్యవస్థను విస్తృతంగా ప్రవేశపెట్టింది. వీటిలో సంకేతాలను చదవడానికి యంత్రం అవసరం లేదు. డ్యాష్‌బోర్డు క్రింద ఉండే కనెక్టరులో రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి తాళం తిప్పితే దీపం వెలిగి ఆరుతుంది. ఒకసారి వెలిగి, కొంచెం ఆగి, వెంటవెంటనే రెండుసార్లు వెలిగితే ఆ సంఖ్య 12.

ఈ 12 అనే సంఖ్యే అనేకమందిని తప్పుదారి పట్టించింది. జనరల్ మోటార్స్ కార్లలో దాని అర్థం ఇంజను తిరుగుతున్నట్లు సూచించే సంకేతం కంప్యూటరుకు అందడం లేదని. ఇంజను ఆపి ఉంచి చదువుతున్నారు కనుక అది రావడం సహజమే. రాకపోతేనే పరీక్షించే వ్యవస్థలో లోపం ఉన్నట్లు. అదే కాలపు క్రైస్లర్ కార్లలో మాత్రం 12 అంటే ఇటీవల బ్యాటరీ సంబంధం తెగిందని అర్థం. ఒక కంపెనీ పట్టికను మరొక కంపెనీ కారుకు అన్వయిస్తే లేని జబ్బుకు వైద్యం చేసినట్లవుతుంది.

కాలిఫోర్నియా రాష్ట్రం 1988 మోడల్ నుండి ఇటువంటి వ్యవస్థను తప్పనిసరి చేసింది. దీనిని ఓబీడీ-1 అంటారు. 1996 మోడల్ నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే ఉమ్మడి ప్రమాణం వర్తించింది. 16 పిన్నుల కనెక్టరు, ఒకే తీరు సంకేతాలు అప్పటి నుండి వచ్చినవే. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో ఇటువంటి నిబంధన అమలయింది. భారతదేశంలో భారత్ స్టేజ్-4 ప్రమాణాలు హైదరాబాదు సహా కొన్ని నగరాలలో 2010 ఏప్రిల్ నుండి అమలు కాగా, ఆ వాహనాలకు ఓబీడీ-1 అప్పుడే, ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయ్యాయి.

సంకేతాల నిర్మాణం

ఓబీడీ-2 సంకేతంలో ఒక అక్షరం, నాలుగు స్థానాల సంఖ్య ఉంటాయి. పి అంటే ఇంజను, గేర్ల విభాగం. దాని తరువాతి అంకె సున్న అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీకి మాత్రమే పరిమితమైన అర్థం. మూడవ స్థానం విభాగాన్ని తెలుపుతుంది. ఉదాహరణకు పి0301లో 3 ఇగ్నిషన్‌కు గుర్తు. మొత్తం సంకేతానికి మొదటి సిలిండరులో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం.

పల్చని మిశ్రమం: ఒక ఉదాహరణ

సంకేతం తప్పుదారి పట్టించే తీరును వివరించడానికి పి0171 అనువైనది. ఇంజనులో ఇంధనం తక్కువై గాలి ఎక్కువైందని దీని అర్థం. జనరల్ మోటార్స్ పాత కార్లలో దాదాపు ఇదే అర్థంలో 44 వచ్చేది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు, గాలి మిగిలితే 0.1 వోల్టుకు దగ్గరగా, పెట్రోలు మిగిలితే 0.9 వోల్టుకు దగ్గరగా విద్యుత్తును చూపుతుంది. చాలాసేపు తక్కువ వోల్టులే కనిపిస్తే కంప్యూటర్ పెట్రోలును పెంచుతూ పోతుంది. పెంచగలిగిన హద్దు దాటినప్పుడు సంకేతం నమోదవుతుంది.

ఇది చూసి ఆక్సిజన్ సెన్సరును మార్చేవారు ఎక్కువ. కాని సెన్సరు చాలాసార్లు ఉన్నమాటే చెబుతూ ఉంటుంది. పగిలిన వాక్యూమ్ గొట్టం గుండా కొలతకు అందని గాలి చొరబడవచ్చు. పెట్రోలు పంపు బలహీనపడి ఉండవచ్చు, ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు. గాలిని కొలిచే సెన్సరు తీగ మీద మురికి పట్టి, వచ్చిన గాలి కంటే తక్కువ చూపుతూ ఉండవచ్చు. సెన్సరుకు ముందు పొగ గొట్టంలో పగులు ఉంటే బయటి గాలి లోపలికి లాగబడుతుంది. వీటన్నిటి కంటే విచిత్రమైన కారణం మరొకటి ఉంది. ఒక స్పార్క్ ప్లగ్గు పనిచేయకపోతే ఆ సిలిండరులోని పెట్రోలుతో పాటు ఆక్సిజన్ కూడా మండకుండా బయటికి వస్తుంది. సెన్సరు ఆక్సిజన్‌ను మాత్రమే గుర్తించగలదు, పక్కనే వృథాగా పోతున్న పెట్రోలును గుర్తించలేదు. ఆ విధంగా పెట్రోలు వాసన కొడుతున్న ఇంజనుకు పెట్రోలు తక్కువైందనే సంకేతం వస్తుంది.

కారణాన్ని తేల్చడానికి ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉపకరిస్తుంది. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలును పెంచుతున్నదో, తగ్గిస్తున్నదో ఇది చూపుతుంది. 10 శాతం లోపు తేడాను సాధారణంగా పట్టించుకోనవసరం లేదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు 20 శాతం దాటి, వేగం పెంచితే 4, 5కు దిగితే గాలి చొరబడుతున్నట్లు అనుమానించాలి. నెమ్మదిగా తిరిగే ఇంజను పీల్చే గాలే కొద్ది, అందులో చిన్న రంధ్రం వాటా పెద్దది. వేగం పెరిగితే ఆ వాటా తగ్గిపోతుంది. ఇందుకు విరుద్ధంగా నెమ్మదిగా ఉన్నప్పుడు సరిగా ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పంపునో, ఫిల్టరునో, గాలి సెన్సరునో పరీక్షించాలి. పంపు విషయం గేజీతో పెట్రోలు ఒత్తిడిని కొలిస్తే తేలుతుంది. గాలి పరిమాణాన్ని నేరుగా కొలవక, ఇంజను లోపలికి గాలి వెళ్ళే మార్గంలోని ఒత్తిడిని బట్టి లెక్కగట్టే పాత కార్లకు ఈ సూత్రం అంతగా వర్తించదు. వాటిలో గాలి చొరబడితే ఒత్తిడి పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగిన పెట్రోలు పంపుతుంది, ఫలితంగా ఇంజను కావలసిన దానికంటే వేగంగా తిరుగుతుంది.

మరికొన్ని సందర్భాలు

పి0420 సంకేతం పొగలోని విషవాయువులను తగ్గించే కటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెబుతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలతో చేసే ఈ భాగం ఖరీదైనది. కన్వర్టర్ చెడిన మాట నిజమే అయినా అది వేరొక లోపపు ఫలితం కావచ్చు. మండని పెట్రోలు దానిలో చేరి మండితే లోపలి జల్లెడ కరిగిపోతుంది. ఇంజను ఆయిలు కాలుస్తుంటే ఆ మసి లోహపు పూతను కప్పివేస్తుంది. మూలకారణాన్ని సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ పాడవుతుంది. చెక్ ఇంజన్ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే కన్వర్టర్ దెబ్బతినేంతగా పెట్రోలు మండకుండా పోతున్నదని అర్థం. అప్పుడు ప్రయాణం కొనసాగించకూడదు.

ఇంజను చల్లనీటి ఉష్ణోగ్రత చేరవలసినంత చేరడం లేదని చెప్పే పి0128కు సాధారణ కారణం తెరుచుకొని ఉండిపోయిన థర్మోస్టాట్. ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలుగా కనిపిస్తే మాత్రం సెన్సరు లేదా దాని వైరు తెగినట్లు (మైనస్ 40 వద్ద సెల్సియస్, ఫారెన్‌హీట్ మానాలు రెండూ ఒకటే).

సంబంధం లేని సంకేతాలు నాలుగైదు ఒకేసారి వస్తే భాగాలన్నీ ఒకేరోజు చెడిపోయాయనుకోవడం సమంజసం కాదు. పలు సెన్సర్లకు కంప్యూటర్ ఒకే 5 వోల్టుల సరఫరాను పంచుతుంది. వాటిలో ఒకటి షార్ట్ అయితే మిగిలినవన్నీ తప్పు కొలతలు ఇస్తాయి. ఒక్కొక్క సెన్సరు ప్లగ్గును ఊడదీస్తూ, దేనిని తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో చూసి దోషిని పట్టుకోవచ్చు. బలహీనమైన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ వైరు కూడా ఇటువంటి గందరగోళాన్నే కలిగిస్తాయి. ఎర్త్ వైరును ఓమ్‌లలో కొలిస్తే ఫలితం నమ్మదగినది కాదు, ఎందుకంటే ఒక్క పోగు మిగిలినా మీటరు బాగున్నట్లే చూపుతుంది. ఇంజను నడుస్తుండగా సెన్సరు ఎర్త్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య వోల్టేజి కొలవాలి. అది 0.1 వోల్టుకు మించితే వైరును, దాని అతుకులను చూడవలసి ఉంటుంది.

సంకేతాలను చెరిపివేయడం

పరీక్షకు ముందే సంకేతాలను చెరపడం మంచిది కాదు. సంకేతం నమోదైన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, ఇంజనుపై భారం ఎంత ఉన్నాయో ఓబీడీ-2 కంప్యూటర్ దాచి ఉంచుతుంది. దీనిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే లోపానికి ఇదే ముఖ్యమైన ఆధారం, చెరిపితే ఇదీ పోతుంది. అంతేగాక కంప్యూటర్ తనను తాను పరీక్షించుకొనే మానిటర్లు కూడా మొదటికి వస్తాయి, అవి పూర్తి కావడానికి కొన్ని రోజుల ప్రయాణం పట్టవచ్చు. అమెరికాలో కాలుష్య పరీక్ష తప్పనిసరి అయిన రాష్ట్రాలలో, పూర్తికాని మానిటర్లు అనుమతించిన సంఖ్యకు మించి ఉంటే వాహనం ఉత్తీర్ణం కాదు. అక్కడ పాత కారు కొనే తెలుగు విద్యార్థులు దీపం ఆరి ఉందని తృప్తి పడక, మానిటర్లు పూర్తయి ఉన్నాయా అని చౌక స్కానరుతోనైనా చూడడం అవసరం. అమ్మడానికి ముందు బ్యాటరీ తీసి పెట్టినా దీపం కొంతకాలం వెలగదు. 2010 మోడల్ నుండి దశలవారీగా వచ్చిన శాశ్వత సంకేతాలు స్కానరుతో చెరగవు, లోపం తొలగిందని కంప్యూటర్ స్వయంగా నిర్ధారించుకొన్న తరువాతే తొలగుతాయి. అంతకు ముందరి కార్లలో ఈ సౌకర్యం లేదు.