జ్వాలాపురం బూడిద: చూసిందెంత, ఊహించిందెంత?

మాది నందికొట్కూరు అంటే ఆఫీసులో సగం మందికి తెలీదు, కర్నూలు పక్కన అని చెప్పాలి. 2022 నుంచి నంద్యాల జిల్లా అనుకోండి. అదే జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే చిన్న ఊరుంది. పురావస్తు శాస్త్రవేత్తలకి మాత్రం అది పెద్ద ఊరే!

సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఇక్కడిదాకా వచ్చి పడింది. చుట్టుపక్కల గుట్టల మీద పడింది కూడా వానకి కొట్టుకొచ్చి, లోయలో కొన్నిచోట్ల రెండు మీటర్లకి పైగా పేరుకుంది. (ఊరి పేరులో జ్వాల ఉంది కదా, మనవాళ్ళకి ముందే తెలుసు అని ఫార్వర్డ్ మెయిల్ మొదలెట్టకండి బాబూ!)

మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం అక్కడ తవ్వి 2007లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వేసింది. బూడిద కింద రాతి పనిముట్లున్నాయి, బూడిద పైనా ఉన్నాయి, రెండూ చాలావరకు ఒకేలా ఉన్నాయి. ఇంతవరకు కళ్ళతో చూసింది. ఆ బూడిద టోబాదే అన్నది మాత్రం అనుమానమే (మన సినిమా 'డౌటు' కాదు, తర్కశాస్త్రంలో అనుమానం). కాకపోతే గట్టిది, రసాయన పరీక్షలో సరిపోయింది. పేలుడు తర్వాత కూడా అక్కడ మనుషులు బతికారు అన్నది ఇంకో మెట్టు. ఆ మనుషులు ఆఫ్రికా నుంచి వచ్చిన మనలాంటి ఆధునిక మానవులే కావచ్చు అన్నది ఆపై మెట్టు. దానికి ఆధారం? ఆఫ్రికాలో అదే కాలపు పనిముట్లతో పోలిక. అంతే.

ఆ పొరల్లో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. లాగ్ ఫైల్లో ఎంట్రీ ఉంది గానీ యూజర్ ఐడీ లేదన్నమాట. పాల్ మెల్లర్స్ బృందం 2013లో సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. ఆధునిక మానవులు ఇటు వచ్చింది 60,000 ఏళ్ళ లోపేననీ, ఆ పనిముట్లు అంతకు ముందున్న వేరే మానవజాతివనీ వాదించింది. అయితే వాళ్ళు వాడిన జన్యు లెక్కలు కూడా చూసినవి కావు, ఊహించినవే. నా మట్టుకు నాకు, ఇద్దరిలో ఎవరూ ఇంకా గెలవలేదనిపిస్తుంది.

పత్రికల్లో మాత్రం ఈ మెట్లన్నీ కలిసిపోయి "కర్నూల్లో 74,000 ఏళ్ళనాటి ఆధునిక మానవుడు" అయిపోతాడు.

ఎముక దొరికితే గొడవ తేలుతుంది. కానీ ఆ బూడిదని గిన్నెలు తోమే పౌడర్ కోసం తవ్వి లారీలకెత్తారు. దాంతోపాటు ఏమేం పోయాయో ఎవరు చూశారు?