సాక్ష్యం కూడా చరిత్రే

దళితుల చరిత్ర రాయటానికి ఆధారాలేవీ అని అడుగుతుంటారు. శాసనాలు వేయించిన కులాలు కావు మనవి. కానీ మాల మాదిగలు పదిమంది ముందు నిలబడి తమ బతుకు తామే చెప్పుకొన్న చోటు ఒకటుంది. అది చర్చి. అక్కడ చెప్పేదాన్ని సాక్ష్యం అంటారు. దాన్ని భక్తి కబుర్ల కింద జమకట్టి పక్కకు నెట్టేస్తే నష్టం మనకే.

ఒంగోలు సంగతే చూద్దాం. తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్తుడు ఎర్రగుంట్ల పేరయ్య 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకొన్నాడు. తర్వాత ఊరూరా మాదిగపల్లెల్లో కూర్చొని తన కథ చెప్పాడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అన్నాడు. ఇవి వట్టి మత నియమాలేనా? పిలిస్తే పరుగెత్తాల్సిన వెట్టి మనిషి వారానికొక రోజు రానని చెప్పటం ఎంత మాట! అందుకే ఊరి పెద్దలకు మండింది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు ఉన్నది 8 మందే. 1876-78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొన్నాడు. మాదిగ బోధకులే అక్కడ పని చేయించారు. పని ఆపిన వేళల్లో కూలీల మధ్య కూర్చొని మాట్లాడారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అదంతా కరువు కూటి కోసమే అనేవాళ్లకు, కరువుకు పదేళ్ల ముందునుంచీ నడిచిన పేరయ్య కాళ్లు కనపడవు. ఆ పెద్దలు చెప్పిన కథలనే క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో పుస్తకం చేసింది. మన నోటి మాట ఆమె కలం గుండా వచ్చింది. అది గుర్తు పెట్టుకొనే చదవాలి.

ఇక సేవ. వండేముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి గుడికిచ్చిన ఆడవాళ్లు, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీలు, గుడి ఊడ్చి చాపలు పరిచినవాళ్లు. కూలి లేని పని వెట్టిలోనూ ఉంది. కానీ వెట్టి ఎవరో చేయించేది, ఇది మనసుపడి చేసేది. అయినా పాస్టర్ల పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి, ఈ ఆడవాళ్ల పేర్లు ఉండవు.

ఆ సాక్ష్యమే ఇప్పుడు మెడకు చుట్టుకొంటోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు బయటే. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. మతం మారితే కులం పోతుందట! మరి మాలపల్లె, మాదిగపల్లె పోయాయా? ఆదివారం గుడిలో చెప్పుకొన్న మాట, సోమవారం సర్టిఫికెట్ దగ్గర మన మీదే రుజువవుతోంది. అందుకే చాలామంది నోరు మూసుకొంటున్నారు.

కనుక విద్యార్థులు, కార్యకర్తలు ఆ ముసలమ్మల దగ్గరకు పోవాలి. దేవుడు ఏం చేశాడన్నదే కాదు, ఏ బావి కాడ ఆపారో, ఏ దొడ్లో వెట్టి చేశారో కూడా అడగాలి. పేరు రాయాలా వద్దా అన్నది మాత్రం చెప్పినామె ఇష్టం.