నాన్నగారి కారు ఎవరిది?

1965లో అమెరికా వలస చట్టం మారిన తరవాత ఇక్కడికొచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లలో కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. వాళ్ళు పోయాక ఇల్లు, బాంకు ఖాతాల సంగతి పిల్లలు ఎలాగో సర్దుకుంటారు. ఒక్కోసారి గొడవ గరాజ్‌లో ఉన్న కారు దగ్గర మొదలవుతుంది. "నాన్న నాకే ఇస్తానన్నారు" అంటాడు కొడుకు. "ఆస్పత్రికి తిప్పింది నేను కదా" అంటుంది కూతురు. టైటిల్ కాగితం ఎవరి చేతిలో ఉంటే కారు వాళ్ళదే అన్నట్టు దానికోసం వెతుకులాట. అసలు ఆ కాగితం ఎందుకు పుట్టిందో ఇవాళ చెప్పుకుందాం.

ఇండియాలో కారుకి ఆర్.సి. ఒక్కటే. ఇక్కడ రిజిస్ట్రేషన్ వేరు, టైటిల్ వేరు. ముందు వచ్చింది రిజిస్ట్రేషన్. 1901లో న్యూయార్క్ రాష్ట్రం కార్ల యజమానులు పేర్లు నమోదు చేయించుకోవాలంది. అప్పట్లో ప్రభుత్వం ప్లేటు ఇచ్చేది కాదు. యజమానే తన పేరులోని పొడి అక్షరాలు బండి వెనక తగిలించుకునేవాడు. కార్లు పెరిగాయి, వాటితోపాటు దొంగలూ పెరిగారు. ఒక రాష్ట్రంలో కొట్టేసి పక్క రాష్ట్రంలో అమ్మేసేవారు. 1919లో కాంగ్రెస్ డయ్యర్ చట్టం తెచ్చి, దొంగ కారని తెలిసీ రాష్ట్రం దాటించడాన్ని ఫెడరల్ నేరం చేసింది. తరవాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా టైటిల్ పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. న్యూయార్క్ అయితే 1972, అంతకు ముందు మోడళ్ళకి ఈనాటికీ టైటిల్ ఇవ్వదు, రిజిస్ట్రేషనే ఆధారం.

అంటే టైటిల్ పుట్టింది అమ్మేవాడు దొంగా దొరా తేల్చడానికి. అన్నాచెల్లెళ్ళలో ఎవరిది న్యాయమో తేల్చడానికి కాదు.

ఆ పని ప్రొబేట్ కోర్టుది. దానికి నెలలు పడుతుంది, ఖర్చవుతుంది. 1965లో నార్మన్ డేసీ అనే ఆయన, లాయరు కాకపోయినా, ప్రొబేట్ తప్పించుకోవడం ఎలాగో చెబుతూ ఒక పుస్తకం రాస్తే జనం ఎగబడి కొన్నారు. లాయర్ల సంఘం కోర్టుకెక్కింది. 1967లో న్యూయార్క్ పై కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 1969లో యూనిఫాం ప్రొబేట్ కోడ్ అనే నమూనా చట్టం వచ్చింది. ఆస్తి 5,000 డాలర్లలోపైతే, మనిషి పోయిన 30 రోజుల తరవాత వారసులు అఫిడవిట్ ఇచ్చి తీసుకోవచ్చంది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో గడువు, ఒక్కో పరిమితి. కాలిఫోర్నియాలో 40 రోజులు ఆగాలి, ప్రొబేట్ కేసు ఉండకూడదు.

ఈ అఫిడవిట్‌లో అసలు మాట ఒకటుంది. నాకంటే ఎక్కువ హక్కున్నవాళ్ళు ఎవరూ లేరని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నప్పుడే ఈ దారి. చెల్లెలు కాదంటుంటే, ఆమె సంగతి దాచి అన్న సంతకం పెడితే అది అబద్ధ ప్రమాణం. డి.ఎమ్.వి. కిటికీలో గుమాస్తా కాగితం చూసి టైటిల్ మార్చేస్తాడు, తగవు తీర్చడు. తరవాత ఆమె కోర్టుకెళితే అన్న జవాబు చెప్పుకోవాల్సిందే.

ఇంకో రెండు సంగతులు. నాన్నగారిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయనతోనే పోతుంది. ఆయన పేరుతో టైటిల్ వెనక సంతకం పెడితే అది ఫోర్జరీ. రెండోది, నాయనమ్మగారి మాట. మన 1956 హిందూ వారసత్వ చట్టంలో చనిపోయినవాడి తల్లికీ పిల్లలతో సమానంగా వాటా ఉంది. అమెరికాలో స్థిరపడినవాడి కారుకి ఇక్కడి రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది. పిల్లలుంటే, విల్లు లేకపోతే, సాధారణంగా తల్లికి వాటా రాదు. పెద్దావిడకి ఈ మాట మెల్లిగా, ముందే చెప్పడం మంచిది.

గొడవ మొదలైతే ఎవరూ ఏమీ సంతకం పెట్టకండి. కారు ఆపి ఉంచండి, ఇన్సూరెన్స్‌వాళ్ళకి చెప్పండి. విల్లుంటే అందులోని ఎగ్జిక్యూటర్, లేకపోతే అడ్మినిస్ట్రేటర్, కోర్టు నియమించాకే టైటిల్ మీద సంతకం పెట్టగలరు. కావాలంటే కారు అమ్మి, అప్పులు తీర్చి, మిగిలింది పంచుతారు.

పెద్దవాళ్ళు బతికుండగా చెయ్యగలిగిందీ ఉంది. కాలిఫోర్నియా, మిసోరి, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో, నా తరవాత కారు ఫలానావారికి అని టైటిల్ మీదే రాయించుకోవచ్చు. ఆ ఒక్క పేరు రాయించి పిల్లలందరికీ చెబితే, పాత కారుకోసం లాయర్లకి కొత్త కారు ఖరీదు కట్టే పని తప్పుతుంది. ఉంటాను, సెలవు.