హోటళ్ళు, బార్లలో లైంగిక వేధింపుల నివారణ

హోటళ్ళు, రెస్టారెంట్లు, దాబాలు, బార్లు, పబ్బులలో పనిచేసే స్త్రీలకు, అక్కడికి వచ్చే స్త్రీలకు లైంగిక వేధింపుల నుండి రక్షణ కల్పించే చట్టాలు, ఏర్పాట్ల గురించి ఈ వ్యాసం తెలుపుతుంది. భారతదేశంలో దీనికి ప్రధాన ఆధారం పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల (నివారణ, నిషేధం, పరిష్కారం) చట్టం, 2013. ఇది మహానగరాలలోని పబ్బులకు, పెద్ద కార్యాలయాలకు మాత్రమే సంబంధించినదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. అది సరికాదు. పల్నాడు జిల్లాలోని దుర్గి వంటి మండల కేంద్రంలో నలుగురు పనివారితో నడిచే టిఫిను హోటలుకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

నేపథ్యం

రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. దాని పర్యవసానంగా దాఖలైన విశాఖ కేసులో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న తీర్పు చెబుతూ, పని ప్రదేశాలలో పాటించవలసిన మార్గదర్శకాలను నిర్దేశించింది. వాటి స్థానంలో వచ్చిన చట్టం 2013 డిసెంబరు 9 నుండి అమలులోకి వచ్చింది.

మద్యం అమ్మే చోట్ల విషయంలో ఇంకొక తీర్పు కూడా ముఖ్యమైనది. 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టంలోని 30వ సెక్షను, ప్రజలు మద్యం సేవించే చోట స్త్రీలను పనిలో పెట్టుకోరాదని నిషేధించింది. ఢిల్లీలో అమలులో ఉన్న ఈ నిషేధం చెల్లదని 2007 డిసెంబరులో అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రక్షణ పేరుతో స్త్రీల ఉపాధిని తొలగించడం కాక, పనిచేసే చోట వారికి భద్రత కల్పించడం ప్రభుత్వ కర్తవ్యమని ఈ తీర్పు సారాంశం. "ఆడవాళ్ళు అక్కడ ఎందుకు పనిచేయాలి" అన్న ప్రశ్నకు న్యాయపరంగా ఇదే సమాధానం.

చట్టం పరిధి

అనుమతి లేని స్పర్శ, లైంగిక కోరికలు తీర్చమని అడగడం, అసభ్యమైన మాటలు, అశ్లీల చిత్రాలు చూపించడం, అవాంఛనీయమైన ఇతర లైంగిక చేష్టలు ఈ చట్టం ప్రకారం వేధింపులు. బాధితురాలు ఆ సంస్థలో ఉద్యోగి అయి ఉండనవసరం లేదు. ఏ వయసు స్త్రీ అయినా, పని ప్రదేశంలో వేధింపుకు గురైతే చాలు. అంటే, భోజనానికి వచ్చిన స్త్రీ పట్ల సర్వరు గాని, మేనేజరు గాని అసభ్యంగా ప్రవర్తిస్తే ఆమె కూడా ఫిర్యాదు చేయవచ్చు.

వేధించినవాడు గిరాకీగా వచ్చిన బయటి మనిషి అయినప్పుడు చిక్కు ఎక్కువ. కమిటీ సిఫారసుతో అతనిపై ఉద్యోగపరమైన చర్య తీసుకోవడానికి వీలులేదు. అయినా 19వ సెక్షను ప్రకారం, పని ప్రదేశానికి వచ్చిపోయే వారి నుండి కూడా భద్రత కల్పించడం యజమాని విధి. బాధితురాలు కోరితే పోలీసు ఫిర్యాదుకు సహకరించాలి. "రోజూ వచ్చే గిరాకీ, కాస్త సర్దుకో" అని పనిమనిషికి నచ్చజెప్పే యజమాని తన చట్టబద్ధమైన బాధ్యతను విస్మరించినట్లే.

పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలు, ఒకరు బయటి వ్యక్తి అయి ఉండాలి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. మళ్ళీ అదే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు కావచ్చు, లైసెన్సు రద్దు కావచ్చు. బార్లకు లైసెన్సే ప్రాణం కనుక ఈ నిబంధనకు ప్రత్యేకమైన బలం ఉంది.

చిన్న హోటళ్ళు - దుర్గి ఉదాహరణ

దుర్గి రాతి శిల్పాలకు పేరొందిన ఊరు. మాచర్లకు సమీపంలో ఉంది. ఇటువంటి మండల కేంద్రాలలోని టిఫిను హోటళ్ళు, మెస్సులు, దారి పక్కన దాబాలలో సాధారణంగా పది మంది కంటే తక్కువే పనిచేస్తారు. పిండి రుబ్బడం, కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం వంటి పనులు ఎక్కువగా స్త్రీలవే. వారికి నియామక పత్రం ఉండదు, పై అధికారి ఉండడు. వేధించినవాడే యజమాని అయితే చెప్పుకోవడానికి ఎవరూ లేనట్లు కనిపిస్తుంది.

ఈ లోటు కోసమే చట్టం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీని ఏర్పరచింది. పది మంది కంటే తక్కువ పనివారు ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని పైనే అయిన చోట, ఈ కమిటీయే విచారిస్తుంది. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. కనుక దుర్గి మండలం ఫిర్యాదులు ఆ జిల్లా పరిధిలోకి వస్తాయి. అయితే ఒక కూలి మనిషి ఒక రోజు కూలి మానుకుని నరసరావుపేట వరకు వెళ్ళడం తేలిక కాదు. అందుకే 6వ సెక్షను గ్రామీణ ప్రాంతాలలో తహసీలు స్థాయిలో నోడల్ అధికారిని నియమించమంది. ఆ అధికారి ఫిర్యాదును తీసుకుని ఏడు రోజులలోగా స్థానిక కమిటీకి పంపాలి.

ఈ నియామకాలు దేశవ్యాప్తంగా సక్రమంగా జరగలేదు. ఆరేలియానో ఫెర్నాండెజ్ కేసులో సుప్రీంకోర్టు 2023 మే నెలలో చట్టం అమలులోని లోపాలను ఎత్తిచూపింది. 2024 డిసెంబరు 3న మరల ఆదేశాలిస్తూ, జిల్లా అధికారులను 2024 డిసెంబరు 31 లోగా, స్థానిక కమిటీలను 2025 జనవరి 31 లోగా నియమించాలని గడువు పెట్టింది.

ఫిర్యాదు విధానం

సంఘటన జరిగిన మూడు నెలలలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. వ్రాయలేని స్త్రీకి కమిటీ సభ్యులే వ్రాయడంలో సాయపడాలి. విచారణ 90 రోజులలో పూర్తి కావాలి. బాధితురాలి పేరు, వివరాలు బయటపెట్టరాదు.

బాధితురాలు కోరితేనే రాజీకి ప్రయత్నించవచ్చు. కాని డబ్బు ప్రాతిపదికగా రాజీ కుదర్చరాదని 10వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. ఊరి పెద్దమనుషుల సమక్షంలో ఎంతో కొంత ఇప్పించి నోరు మూయించే అలవాటు ఉన్న చోట ఈ నిబంధన తెలిసి ఉండటం చాలా అవసరం.

కమిటీతో నిమిత్తం లేకుండా పోలీసులకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షను లైంగిక వేధింపులకు, 78వ సెక్షను వెంటపడి వేధించడానికి, 79వ సెక్షను స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలకు, సైగలకు సంబంధించినవి. 75వ సెక్షను క్రింద అనుచిత స్పర్శకు మూడేళ్ళ వరకు, అసభ్య వ్యాఖ్యలకు ఏడాది వరకు శిక్ష పడవచ్చు.

నివారణ పద్ధతులు

వేధింపులకు విధించే శిక్షల వివరాలను అందరికీ కనిపించే చోట ప్రదర్శించాలని చట్టం చెబుతుంది. వెనుక వాకిట్లో, మరుగుదొడ్ల దారిలో వెలుతురు ఉండటం, రాత్రి పని ముగిసిన స్త్రీలను ఇంటికి చేర్చడం, మితిమీరి త్రాగినవారికి మద్యం ఆపివేయడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ గల జాగ్రత్తలు. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో 2016లో మొదలైన ఒక పద్ధతిలో, ఇబ్బందిలో ఉన్న స్త్రీ కౌంటరు వద్దకు వెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడిగితే సిబ్బంది ఆమెను గుట్టుగా బయటకు చేరుస్తారు. సిబ్బందికి ముందుగా తర్ఫీదు ఇస్తేనే ఇది పనిచేస్తుంది. హైదరాబాదులో 2014 అక్టోబరు 24న ఏర్పడిన షీ టీములు మామూలు దుస్తులలో బహిరంగ ప్రదేశాలలో నిఘా ఉంచుతాయి.

టిప్పుల మీద ఆధారపడే చోట వేధింపును భరించడం ఎక్కువ. అమెరికాలో టిప్పులు పొందే పనివారికి యజమాని ఇవ్వవలసిన ఫెడరల్ కనీస వేతనం 1991 నుండి గంటకు 2.13 డాలర్లే. కొన్ని రాష్ట్రాలలో ఇది ఎక్కువ. అక్కడి హోటళ్ళలో అనుమతి లేకుండా పనిచేసే విద్యార్థినులకు వీసా భయం కూడా తోడవుతుంది.

సహాయం

అత్యవసర సహాయానికి 112, మహిళా సహాయ కేంద్రానికి 181 నంబర్లకు ఫోను చేయవచ్చు. బాధితురాలు బాలిక అయితే 1098కు చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వపు షీ-బాక్స్ పోర్టల్ ద్వారా కూడా ఫిర్యాదు పంపవచ్చు.