కాలేయం మీద నెలవంక

పేగుల్లోంచి బయటపడి కడుపులోకి జారిన గాలి ఒక్క మిల్లీలీటరే అయినా, సరిగ్గా తీసిన మామూలు ఎక్స్‌రేలో కనబడుతుందట! చిన్న సిరంజిలో సగం. 1971లో మిల్లర్, నెల్సన్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి నిరూపించిన సంగతిది. చదివినప్పటినుంచీ నా ధ్యాసంతా దానిమీదే. కాకపోతే ఓపిక కావాలి. రోగిని కాసేపు ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తర్వాత నిటారుగా ఉంచి పది నిమిషాలు ఆగాలి. గాలి మెల్లగా పైకెక్కి కాలేయానికీ డయాఫ్రంకీ నడుమ నల్లటి నెలవంకలా నిలుస్తుంది. ఈమధ్య పొట్ట ఆపరేషన్ కాని మనిషిలో అది కనబడిందంటే పేగుకో జీర్ణాశయానికో చిల్లు పడిందనే అనుమానించాలి.

రాంట్‌జెన్ 1895లో ఎక్స్ కిరణాలు కనిపెట్టాడు. మా అనంతపురం అప్పట్లో మద్రాసు రాజధానిలోని జిల్లా. ఆ మద్రాసులోనే బర్నార్డ్ రేడియాలజీ సంస్థ తెరుచుకునేసరికి 1934 వచ్చింది.

ఈ కథలో నాకు ప్రాణమైన మనిషి చిలైడిటి. వియన్నాలో పనిచేసిన గ్రీకు వైద్యుడు. ఏ చిల్లూ లేకపోయినా సరిగ్గా అదేచోట గాలి కనబడే మనుషులుంటారని 1910లో రాశాడు. వాళ్లలో పెద్దపేగు వంపు కాలేయం మీదికెక్కి కూర్చుంటుంది. తొందరపడితే అనవసరంగా పొట్ట కోసేస్తారు! అందుకే ఆ నలుపులో పేగు మడతల గీతలున్నాయేమోనని వెతకాలి. మరి లేచి కూర్చోలేని రోగి సంగతి? 1941లో రిగ్లర్ అనే రేడియాలజిస్టు దారి చూపాడు. పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో మామూలుగా పేగు గోడ లోపలి అంచే తెలుస్తుంది. బయటా గాలి చేరితే రెండంచులూ గీసినట్టు తేలతాయి.

తర్వాత సీటీ స్కాన్ వచ్చింది. ఇంకా చిన్న బుడగల్నీ, చాలాసార్లు చిల్లున్న చోటునీ పట్టిస్తుంది. మంచిదే. కానీ కాలేయం మీద వేలితో తట్టి, ఆ మొద్దు చప్పుడు పోయిందంటే లోపల గాలి చేరిందని పసిగట్టే డాక్టరు చెయ్యి అరుదైపోయింది. అది నిజంగా నష్టమే.

1969లో విన్సెంట్ ఫెర్రర్ మా అనంతపురం కరువు సీమకొచ్చి నెలకొల్పిన సేవాసంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) బత్తలపల్లిలో పెద్దాసుపత్రి కట్టింది. అయినా కుందుర్పి, మడకశిర పల్లెలకు పెద్దాసుపత్రి దూరమే. దగ్గర్లో ముందు దొరికేది మామూలు ఎక్స్‌రేనే. ప్రతి చిల్లూ దాన్లో కనబడదు, అందుకే డాక్టరు సీటీ తీయించమంటే వెనకాడొద్దు.

కీళ్లనొప్పుల బిళ్లలు రోజూ మింగేవాళ్లకు జీర్ణాశయంలో పుండుపడి చిల్లయ్యే ప్రమాదముంది. ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి లేచి, పొట్ట చెక్కలా బిగుసుకుంటే సోడా, కషాయం, నొప్పిబిళ్ల ఏదీ ఇవ్వకండి. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.